దూరపు కొండలు, దగ్గరి మనుషులు



మన సంఘంలో పుట్టి పెరిగి, ఇప్పుడు హైదరాబాదులో ఆబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల పనులు చేసుకుంటున్న యౌవనస్థులు ఒక కోరిక ముందుకు తెచ్చారు. అందరూ కలిసి ఒక బస్సు మాట్లాడుకొని ఒక్కరోజు నల్లమలకు వెళ్లి రావాలని వారి ఆశ. తెల్లవారుజామునే నాంపల్లి స్టేషను దగ్గర బయలుదేరి, దారిలో మన ఊరివాళ్లను ఎక్కించుకొని, ఫరహాబాద్ వ్యూ పాయింట్, మల్లెలతీర్థం చూసి, చీకటి పడకముందే అడవి దాటి తిరిగి రావాలని లెక్క వేసుకున్నారు.

ఈ మాట సంఘపు వాట్సాప్ గ్రూపులో పడగానే రెండు పక్షాలు తయారయ్యాయి. "కొండలు తిరగడం లోకస్థుల అలవాటు, ఆ డబ్బుతో చర్చి రేకులు మార్పించుకోవచ్చు" అని కొందరు పెద్దలు. "మాకు సెలవు దొరకడమే గగనం, దొరికిన ఆ ఒక్కరోజు కూడా నవ్వకూడదా?" అని పిల్లలు. చివరికి ఇరువైపులవారూ "అయ్యగారు ఏమంటారో చూద్దాం" అని ఆగారు గనుక మా అభిప్రాయం దాచుకోకుండా రాస్తున్నాం.

మా మాట ఇది. వెళ్లండి, సంతోషంగా వెళ్లండి. అయితే మీరు చూడబోయే కొండకూ, మీరు బతుకుతున్న నాంపల్లికీ నడుమ ఇప్పటికే ఒక ముడి ఉంది. ఆ ముడి ఏమిటో తెలుసుకొని వెళ్తే ఆ ప్రయాణం విహారమూ అవుతుంది, ఆరాధనా అవుతుంది. తెలియకుండా వెళ్తే ఫోను నిండా ఫొటోలు మిగులుతాయి, అంతే.

విశ్రాంతి పాపం కాదు

ముందుగా పెద్దలకు ఒక మనవి. మన పిల్లల రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి తలచుకోండి. జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే పిల్లవాడి కన్ను పొద్దస్తమానం జానెడు దూరంలో ఉన్న చిన్న స్క్రూ మీదే ఉంటుంది. ఆబిడ్స్‌లో బట్టల షాపులో పనిచేసే ఆడపిల్ల బోణీ నుంచి షట్టరు దించేవరకు నిలబడే ఉంటుంది. నాంపల్లి కోర్టుల దగ్గర కాగితాలు టైపు చేసేవాడికి చెవి నిండా హారన్లు. హాస్టలు గదికి కిటికీ ఉన్నా దాని అవతల ఇంకో గోడ. అలాంటి కన్నుకు ఆకాశం అంచు వరకు చూసే ఒక్కరోజు అనవసరమని మనం అనగలమా?

మార్కు సువార్త 6వ అధ్యాయం తెరచి చూడండి. శిష్యులు పరిచర్య చేసి అలసి వచ్చారు. వచ్చేపోయే జనంతో వారికి అన్నం తినే తీరిక కూడా లేదు. అప్పుడు ప్రభువు వారిని ఇంకో పనికి పంపలేదు. జనం లేని చోటికి వచ్చి కాస్త అలసట తీర్చుకోమన్నాడు. అదే అధ్యాయంలో, అయిదువేల మందికి భోజనం పెట్టిన తర్వాత, తానే ఒంటరిగా కొండ ఎక్కి ప్రార్థనలో ఉన్నాడు. మోషేకు సీనాయి, ఏలీయాకు హోరేబు, శిష్యులకు రూపాంతరపు కొండ. దేవుడు తన వారితో మాట్లాడటానికి ఎన్నిసార్లు ఎత్తయిన చోటు ఎంచుకున్నాడో మనకు తెలుసు.

అయితే కొండలోనే ఏదో మహిమ ఉందనుకోవడం కూడా తప్పే. 121వ కీర్తన రాసిన భక్తుడు ప్రయాణంలో కొండల వైపు చూశాడు గాని, తనకు సహాయం ఆ కొండలను చేసిన దేవుని దగ్గర నుంచే వస్తుందని తేల్చుకున్నాడు. కొండ మనల్ని రక్షించదు. మనం ఎంత చిన్నవాళ్లమో చూపిస్తుంది. ఆ పాఠం ఆబిడ్స్ చౌరస్తాలో నేర్చుకోవడం కష్టం. అక్కడ ప్రతి బోర్డూ నువ్వే గొప్ప, నువ్వే కొనాలి అంటుంది.

ఎలాంటి కొండకు వెళ్తున్నాం?

"దూరపు కొండలు నునుపు" అని మన సామెత. ఫొటోలో నల్లమల పచ్చని దుప్పటి పరచినట్టు ఉంటుంది. దగ్గరికి పోతే రాయి, ముల్లు, లోయ, ఎండ. నల్లమల అంటే నల్లని కొండ. పలకలు పలకలుగా పేరుకున్న గట్టి రాయి, నిటారుగా విరిగిన గట్లు, మధ్యలో కొండను కోసుకుంటూ పోయిన కృష్ణ. మద్ది, వెదురు, తునికి, ఇప్ప చెట్ల అడవి అది. ఎండాకాలంలో ఆకులన్నీ రాలిపోయి అడవి ఎముకలు బయటపడినట్టు ఉంటుంది. వానలు పడ్డాక అదే అడవిలో ఎదుటి మనిషి కనబడడు.

నాంపల్లి నుంచి మన్ననూరు దాదాపు 140 కిలోమీటర్లు. చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్, తుక్కుగూడ దాటి, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి పక్కగా శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే డిండి చెరువు వస్తుంది. హాజీపూర్ దాటాక ఎదురుగా కొండల వరుస అడ్డంగా గోడ కట్టినట్టు కనబడుతుంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర నుంచి ఘాట్ రోడ్డు. అక్కడి నుంచి దోమలపెంట వరకు దారంతా అడవే. మీరు అడుగుపెట్టేది అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో. దాని విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. పులి, చిరుత, ఎలుగుబంటి, కణితి, దుప్పి, రేసుకుక్క అన్నీ ఉన్న చోటు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ దారిలో వాహనాలను వదలరు. రాత్రి ఆ రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడకూడదని పెట్టిన నియమం అది.

ఫరహాబాద్ అంటే ఆనందపు ఊరు అని అర్థం. నిజాం కాలంలో నగరపు దొరలు వేటకు, చల్లగాలికి వచ్చిన చోటు. ఇప్పుడు అక్కడ అటవీశాఖ బండ్లలో లోపలికి తీసుకుపోతారు. వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే కాళ్ల ముందు నేల ఒక్కసారిగా తెగిపోయి, కింద ఎంతో లోతున మైదానం పరచుకొని ఉంటుంది. వటవర్లపల్లి దగ్గర రోడ్డు దిగి లోపలికి పోతే మల్లెలతీర్థం. వందల మెట్లు దిగాలి. దిగేటప్పుడు అందరూ పాటలు పాడతారు, ఎక్కేటప్పుడు ఎవరూ పాడరు. మోకాళ్ల నొప్పులున్న తల్లులు పైనే ఆగడం మంచిది.

ఇంకొక మాట. ఇది శ్రీశైలం పోయే యాత్రికుల దారి. మల్లెలతీర్థం దగ్గర పూజలు చేసుకునేవారూ ఉంటారు. వారిని చూసి నవ్వడం, వారితో వాదం పెట్టుకోవడం మన సాక్ష్యానికి మేలు చేయదు. దారి ఇచ్చి పక్కకు నిలబడండి, మెట్ల మీద ఆయాసపడే పెద్దవారికి చెయ్యి ఇవ్వండి. సువార్తను మొదట మర్యాదలో చూపించాలి.

ఏలీయా విన్నది

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా హోరేబు కొండ మీద ఉన్నాడు. రాళ్లు పగిలేంత గాలి వచ్చింది, భూమి కంపించింది, అగ్ని వచ్చింది. దేవుడు వాటిలో కనబడలేదు. అవన్నీ సద్దుమణిగాక వినీ వినబడని స్వరం ఒకటి వచ్చింది. ఆ ప్రవక్త అప్పుడు ముఖం కప్పుకొని గుహ ముందుకు వచ్చాడు.

ఇప్పుడు మన బస్సులు ఎలా వెళ్తున్నాయో చెప్పండి. బయలుదేరింది మొదలు స్పీకరు. బండిలో పాట, దిగాక పాట, వ్యూ పాయింట్ దగ్గర చేతిలో బ్లూటూత్ డబ్బా. పాడేవి క్రైస్తవ పాటలే కావచ్చు. అయినా మనం అరుస్తుంటే ఆయన మాట్లాడేది ఎలా వినబడుతుంది? అడవిలో జింకకు చెవులే ప్రాణం. పులి అడుగు వినబడకపోతే అది బతకదు. దేవుడు దానికి పెట్టిన ప్రాణరక్షణను మన స్తుతిగానంతో పోగొట్టడం స్తుతి అవుతుందా? 104వ కీర్తన అడవి జంతువులనూ, కొండమేకలనూ, రాత్రివేళ ఆహారం వెదికే సింహాలనూ దేవుని ఇంటివారిలో లెక్కపెట్టింది. పొద్దు పొడిచాక మనిషి పనికి పోతాడు, రాత్రి వాటి వేళ అని పంపకం కూడా చెప్పింది. మన్ననూరు గేటు రాత్రి మూయడం ఆ పంపకానికి సరిపోయే పనే అని మాకు అనిపిస్తుంది.

కోతుల విషయమూ ఇంతే. రోడ్డు పక్కన కూర్చున్న కోతికి అరటిపండు విసిరితే దయ చూపించామనుకుంటాం. అది అడవిలో తన తిండి వెదుక్కోవడం మాని రోడ్డుకు వస్తుంది. వెనక వచ్చే లారీ కింద పడుతుంది. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో దారిలో పక్షి గూడు కనబడితే తల్లిని, పిల్లలను కలిపి పట్టుకోవద్దని ఒక చిన్న ఆజ్ఞ ఉంది. ఒక గూటి గురించి కూడా ధర్మశాస్త్రంలో రాయించిన దేవుడు మనం పారేసే చిప్స్ కవరు సంగతి అడగడా?

అది ఎవరి ఇల్లు?

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాం. వ్యూ పాయింట్ నుంచి కనబడే కొండలు ఖాళీ కొండలు కావు. అందులో చెంచుల పెంటలు ఉన్నాయి. పెంట అంటే వారి గూడెం. మన తాతల కంటే ముందు నుంచి వారు ఆ అడవిలో ఉన్నారు. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లో వారి మధ్య ఉండి, వారి బతుకు మీద 1943లో పెద్ద పుస్తకమే ప్రచురించాడు. గడ్డలు తవ్వుకోవడం, తేనె తీయడం, ఇప్పపువ్వు, బంక, సారపప్పు ఏరుకోవడం వారి జీవనం. ప్రభుత్వ లెక్కల్లో వారు మిగతా గిరిజనుల కంటే కూడా వెనుకబడినవారిగా, ప్రత్యేక శ్రద్ధ అవసరమైనవారిగా గుర్తింపు పొందినవారు.

చెంచులు తేనె తీసే విధానం గురించి పెద్దలు ఒక మాట చెబుతారు. నిటారు గట్టుకు పట్టిన తేనెపట్టు కోసం మనిషి తాడు పట్టుకొని కిందికి జారతాడు. పైన ఆ తాడును కాపలా కాసేది ఎవరంటే అతని బావమరిది. తన అక్కో చెల్లెలో విధవరాలు కాకూడదు గనుక వాడు ప్రాణం పోయినా తాడు వదలడని నమ్మకం. మనం రోడ్డు పక్కన సీసా తేనె చూసి "సగానికి ఇస్తావా?" అని అడిగేటప్పుడు ఆ తాడు గుర్తు తెచ్చుకోవాలి. ఆబిడ్స్ షాపులో అంటించిన ధరకు నోరెత్తకుండా డబ్బు కట్టి, కొండ మీద పేదవాని దగ్గర బేరమాడటం ఏ న్యాయం?

ఇంతకంటే బాధ కలిగించే పని ఇంకొకటి ఉంది. అది సంఘాల పేరిట జరుగుతుంది గనుక రాయక తప్పదు. నగరం నుంచి కొందరు బృందాలుగా వస్తారు. పెంటలో ఆడవాళ్లను, ముసలివాళ్లను వరుసగా నిలబెడతారు. ఒక చీర, ఒక బియ్యం సంచి చేతిలో పెట్టి, పైనుంచి బ్యానరు పట్టుకొని ఫొటో తీస్తారు. ఆ ఫొటో సాయంత్రానికి ఫేస్‌బుక్‌లో పరిచర్యగా కనబడుతుంది. తీసుకున్నవారి ముఖంలో ఏముందో ఎవరూ చూడరు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు నేర్పిన పాఠం ఆదివారం చెప్పి, సోమవారం లోకమంతటికీ తెలియజేయడం ఏమిటి? మన బస్సు మాత్రం అలాంటి పనికి పోకూడదని మా గట్టి అభిప్రాయం. పిలవని పెంటలోకి అడుగు పెట్టవద్దు. అడగకుండా ఎవరి పిల్లలనూ ఫొటో తీయవద్దు. మన ఇంటి వాకిట్లోకి తెలియనివాళ్లు వచ్చి మన అమ్మను ఫొటో తీస్తే మనం ఊరుకుంటామా?

లేవీయకాండం 25వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలువారితో భూమి తనదని, వారు తన దగ్గర కాపురమున్న పరదేశులని చెప్పాడు. సొంత దేశంలోనే వారు అతిథులైతే, ఒక్కరోజు కోసం కొండకు పోయే మనం ఎంత అతిథులం! అతిథి చెప్పులు విడిచి లోపలికి వస్తాడు, పెట్టింది తింటాడు, ఇల్లు పాడుచేయకుండా పోతాడు.

నాంపల్లిలో తేలే సంగతులు

మొదట ఒక ముడి ఉందని రాశాం కదా, అది చెబుతాం.

2019లో నల్లమలలో యురేనియం కోసం తవ్వి చూస్తారన్న వార్త వచ్చినప్పుడు అమ్రాబాద్, అచ్చంపేట ప్రాంతాల్లో జనం రోడ్డెక్కారు. ఆ ఏడాది సెప్టెంబరు 16న యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ శాసనసభ ఎక్కడుంది? నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పక్కన. మీరు రోజూ బస్సులో దాటిపోయే తెల్లని కట్టడమే. కొండ తవ్వాలా వద్దా అన్న మాట కొండ మీద కాదు, మీ బస్‌స్టాపు ఎదుట తేలింది.

పులుల కోసం అడవి లోపలి పెంటలను బయటికి తరలించాలన్న ఆలోచనా ఉంది. పులికీ చోటు కావాలి, మేము కాదనడం లేదు. అయితే 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ ఇష్టపూర్వకంగా ఒప్పుకోకుండా ఎవరినీ కదిలించకూడదు. నాబోతు కథ మనకు తెలుసు. రాజు మంచి ధర ఇస్తానన్నాడు, ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు. నాబోతు తన పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నాడు. దేవుడు ఆ పేదవాని "ఇవ్వను" అన్న మాట వైపు నిలబడ్డాడు. వెళ్తానన్నవారికి మంచి జరగాలి, ఉంటానన్నవారి మాట చెల్లాలి. ఇది రాజకీయం అని ఎవరైనా అంటే, ఏలీయా ఆ తోటకు వెళ్లి రాజు ఎదుట నిలబడింది కూడా రాజకీయమే అనుకోవాలి.

ఇంకొకటి నీళ్ల సంగతి. హైదరాబాదు తాగే నీళ్లలో పెద్ద వాటా నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణ నీరు. నల్లమల పాదాల దగ్గర పారే నీరే మీ హాస్టలు కుళాయిలోకి వస్తోంది. ఆ నీటినే నల్గొండ ఫ్లోరైడు ప్రాంతాలకు మళ్లించాలని శ్రీశైలం జలాశయం దగ్గర నుంచి అమ్రాబాద్ అడవి కింద దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు ఆ సొరంగం లోపల పైకప్పు కూలింది. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్ నుంచి పని కోసం వచ్చినవారు. ఒక్కరు కూడా ప్రాణాలతో బయటికి రాలేదు. వారాల తరబడి వెతికితే ఇద్దరి దేహాలు దొరికాయి. మీరు ఆక్టోపస్ వ్యూ పాయింట్ దగ్గర నిలబడి కృష్ణ వంపులు చూసి మురిసిపోయేటప్పుడు, ఆ కొండల కింద ఏమి జరిగిందో తలచుకొని ఒక్క నిమిషం తల వంచండి. అందమైన చోటులో దుఃఖమూ ఉంటుంది. రెండూ చూసినవాడే ఆ చోటును చూసినట్టు.

కొండ దిగిన తర్వాత

మార్కు 9వ అధ్యాయం మనలో చాలామందికి సగమే గుర్తుంటుంది. ప్రభువు పేతురును, యాకోబును, యోహానును ఎత్తయిన కొండకు తీసుకుపోయాడు. అక్కడ ఆయన వస్త్రాలు ప్రకాశించాయి. పేతురుకు దిగిరావాలని లేదు. మూడు పర్ణశాలలు కట్టుకుందామన్నాడు. ఇంతవరకు అందరం చెబుతాం. దిగి వచ్చాక ఏమైంది? కొండ కింద ఒక తండ్రి, మూర్ఛతో పడిపోయే కొడుకును పట్టుకొని నిలబడి ఉన్నాడు. చిన్ననాటి నుంచి ఆ బిడ్డ బాధ అది. కొండ కింద మిగిలిన శిష్యుల వల్ల ఏమీ కాలేదు. ప్రభువు ఆ బిడ్డను చెయ్యి పట్టుకొని లేపాడు. పైన చూసిన మహిమ కింద ఉన్న తండ్రికి ఉపయోగపడింది. అందుకే మార్కు ఆ రెండు సంగతులను పక్కపక్కనే పెట్టాడని మా నమ్మకం.

మన కథలో ఆ తండ్రి ఎక్కడున్నాడో తెలుసా? నాంపల్లిలోనే. కొండ చూడటానికి మనం 140 కిలోమీటర్లు పోతున్నాం గాని, నాంపల్లి పక్కనే ఒక కొండ పేరున్న పేట ఉంది, రెడ్ హిల్స్. అక్కడ ఉంది నీలోఫర్ పిల్లల ఆసుపత్రి. మొజంజాహి మార్కెట్ ఎవరి పేరున 1935లో వెలిసిందో ఆ మొజం జా గారి భార్యే నీలోఫర్. తన పరిచారిక కాన్పులో చనిపోయిందన్న దుఃఖంతో ఆమె పూనుకోగా 1953లో ఆసుపత్రి వచ్చిందని చెబుతారు. ఈ రోజుకీ నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నుంచి పెద్ద జబ్బు చేసిన బిడ్డను ఎక్కడికి తీసుకుపోవాలంటే మొదట వచ్చే పేర్లలో ఇది ఒకటి.

మీరు కొండ ఎక్కుతున్న దారిలోనే ఆ తండ్రి కొండ దిగి వస్తాడు. మీరు ఊపిరి పీల్చుకోవడానికి పైకి పోతారు, ఆయన తన బిడ్డ ఊపిరి కోసం కిందికి వస్తాడు. ఫుట్‌పాత్ మీద దుప్పటి పరచుకొని రాత్రంతా కూర్చుంటాడు. ఓపీ చీటీ ఎక్కడ రాస్తారు, ఏ నంబరు గదికి పోవాలి, రక్తం కావాలంటే ఎవరిని అడగాలి, రాసిన మందు బయట ఏ దుకాణంలో దొరుకుతుంది, అయిదు రూపాయలకు భోజనం ఎక్కడ పెడతారు, ఆయనకు తెలియదు. మీకు తెలుసు. ఆ గల్లీలన్నీ మీ కాళ్లకు తెలిసినవే. మన ఊరి సంఘం నుంచి పోయిన పిల్లలుగా మీ చేతిలో ఉన్న వరం అదే. తిమ్మిని బమ్మిని చేసే ప్రసంగం ఎవరూ అడగడం లేదు. దారి చూపించే మనిషి కావాలి.

అందుకే మా అభిప్రాయం ఇలా తేల్చుకున్నాం. నల్లమలలో ఒక పగలు గడిపిన ప్రతివారూ నెలకు ఒక సాయంత్రం రెడ్ హిల్స్‌లో గడపాలి. కరపత్రాలు పంచడానికి కాదు. చీటీ రాయించడానికి, మంచినీళ్ల సీసా తేవడానికి, ఫోను చార్జింగు పెట్టించడానికి, ఆరోగ్యం అనుమతిస్తే రక్తం ఇవ్వడానికి. వారు అడిగితే ప్రార్థన చేయండి, అడగకపోతే పక్కన కూర్చోండి. వారు చెంచులైనా, లంబాడీలైనా, ముస్లిములైనా, మన సంఘపు బిడ్డలైనా తేడా చూపవద్దు.

"విహారం అని చెప్పి మళ్లీ పని పెట్టారే" అని మీలో కొందరు అనుకోవచ్చు. అరణ్యంలో మన్నా పడినప్పుడు ఏ రోజుది ఆ రోజు తిన్నవారికి తీపిగా ఉంది, రేపటికని దాచుకున్నవారికి పురుగు పట్టింది. సంతోషం కూడా అలాంటిదే. ఫోనులో దాచుకున్న కొండ మూడో వారానికి పాతబడుతుంది. ఇంకొకరికి ఊరటగా మారిన కొండ పాతబడదు.

మా సూచనలు

పెద్దలూ, పిల్లలూ ఒప్పుకుంటే ఈ విధంగా చేద్దాం.

ఆదివారం ఆరాధన మానుకొని వెళ్లవద్దు. వానాకాలంలో జులై నుంచి సెప్టెంబరు వరకు లోపలి సఫారీలు ఆపుతారు గనుక అక్టోబరు 2 సెలవు మంచి రోజు. అప్పటికి మల్లెలతీర్థంలో నీళ్లూ ఉంటాయి.

భోజనం ఇంటి నుంచే స్టీలు డబ్బాల్లో తెచ్చుకోవాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ బస్సు ఎక్కకూడదు. మన చెత్త మన బస్సులోనే తిరిగి రావాలి.

మన్ననూరు గేటు దాటాక స్పీకరు బందు. వ్యూ పాయింట్ దగ్గర పది నిమిషాలు అందరూ మౌనంగా ఉందాం. ఆ పది నిమిషాలే ఆ రోజు ప్రసంగం.

తేనె కొంటే చెప్పిన ధరకు కొనాలి. సఫారీకి, దారి చూపినవారికి ఇవ్వవలసింది పూర్తిగా ఇవ్వాలి. నీళ్ల దగ్గర జారే రాళ్ల మీదికి ఎవరూ పోకూడదు, ఈత రాదన్నవారు ఒడ్డునే ఉండాలి. సాయంత్రం వెలుగు ఉండగానే మన్ననూరు కిందికి దిగాలి.

ప్రతి ఒక్కరూ కట్టే బస్సు చార్జీతో పాటు పదో వంతు వేరుగా తీసి, నీలోఫర్ దగ్గర ఎవరికి అవసరముంటే వారికి పేరు చెప్పకుండా, ఫొటో తీయకుండా ఇద్దాం. చర్చి రేకుల సంగతి మేము మరచిపోలేదు. దానికి వేరే ఆదివారం కానుక పట్టుకుందాం. దేవుడు కొండనూ ఇచ్చాడు, రేకులనూ ఇస్తాడు.

తేనె కోసం లోయలోకి దిగినవాని తాడును పైన ఒకడు పట్టుకొని ఉంటాడని రాశాం. జబ్బు బిడ్డను చంకనేసుకొని కొండ దిగి నగరానికి వచ్చేవారికి అలాంటి తాడు కావాలి. నాంపల్లిలో ఉన్న మన పిల్లలే ఆ తాడు పట్టుకోవాలని మా ప్రార్థన.

కొండలను నిలిపిన దేవుడు మీ రాకపోకలను కాపాడును గాక. మీరు ఎక్కిన కొండ మీ హృదయాన్ని వెడల్పు చేయును గాక. ఆమేన్.